ఎజ్రా గారు చెప్పని ధర

ఎజ్రా గారి మీద నాకు కోపం రాని వారం ఉండదు. తెనాలిలో మా ఇద్దరి షాపులకీ మధ్య ఒకటే గోడ. ఇటు నా జిరాక్స్ మిషను, అటు ఆయన వాచీల బల్ల. పదహారేళ్లుగా పక్కపక్కనే ఉన్నాం కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకుందని నా నమ్మకం. ఆయన కూడా ఆ హక్కును ఎప్పుడూ కాదనలేదు.

సెల్‌ఫోన్లు వచ్చాక వాచీ బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. బ్యాటరీ వేయడం, బెల్టు మార్చడం మిగిలాయి. కంటికి తగిలించుకునే ఆ చిన్న భూతద్దం ఖాళీగా ఉండటం ఎందుకని ఎజ్రా గారు చిల్లర చూడటం మొదలుపెట్టారు. టంకశాలలో లక్షల నాణేలు కొడుతుంటే ఎక్కడో ఒకటి తప్పుగా వస్తుంది. ఒకదానికి అచ్చు పక్కకి జరుగుతుంది, ఒకదానికి అంచు ఎలుక కొరికినట్టు తెగిపోయి ఉంటుంది. అలాంటివి పోగుచేసేవాళ్లున్నారు, మంచి ధర ఇస్తారు. ధర ఉన్నచోట దొంగపని కూడా ఉంటుంది. లేత్ షాపులో పట్టుకారు మధ్య నొక్కించి, ఆకురాయితో అరగదీసి, "టంకశాల తప్పు" అని అమ్మేవాళ్లు బోలెడు. ఏది టంకశాలలో జరిగిన తప్పో, ఏది తర్వాత మనిషి చేసిన తప్పో చెప్పడంలో మా ఎజ్రా గారిని మించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. తూకం వేస్తారు, అంచు చూస్తారు, బల్ల మీద పడేసి మోత వింటారు. తర్వాత ఒక చీటీ రాసి, సంతకం పెట్టి, షాపు ముద్ర కొట్టి ఇస్తారు. ఇరవై రూపాయలు తీసుకుంటారు.

నా కోపమంతా ఆ చీటీ మీదే. అందులో "ఇది టంకశాలలో జరిగిన తప్పే" అని ఉంటుంది, లేదా "ఇది తర్వాత చేసిన పని" అని ఉంటుంది. ధర మాత్రం ఉండదు. నోటితో కూడా చెప్పరు. "ధర చెప్పేవాడు ఎప్పుడో ఒకరోజు కొనేవాడి పక్షమో అమ్మేవాడి పక్షమో అయిపోతాడు ప్రసాదూ. నాకు నాణెం పక్షం చాలు" అనేవారు. పొన్నూరు నుంచి ఒకాయన నొక్కుడు నాణెం తెచ్చి, దొంగదని చెప్పించుకుని, బజారంతా వినేలా బూతులు తిట్టి వెళ్లాడు. ఎజ్రా గారు నవ్వి ఊరుకున్నారు. నిజం చెప్పి తిట్లు తినడం ఆయనకు పండగ. ఆ గర్వం చూస్తే నాకు ఒళ్లు మండేది.

కమలమ్మ వచ్చింది డిసెంబరు మొదట్లో. రేపల్లె స్టేషను బయట ఇడ్లీ బండి ఆవిడది. భర్త లేడు. ఎజ్రా గారి చర్చీకే చెందిన రేపల్లె వాళ్లు ఆవిడకి ఈయన పేరు చెప్పారట. కొంగు ముడి విప్పి ఒక రెండు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టింది. ఒక వైపు మామూలుగా సింహాల తలలున్నాయి. రెండో వైపు అంకె ఉండాల్సిన చోట అవే సింహాలు లోపలికి దిగిపోయి, కుడిఎడమలు తిరగబడి ఉన్నాయి.

"ఎవరో ఇడ్లీ తిని చిల్లరలో ఇచ్చేసి పోయాడన్నయ్యా. చెల్లదనుకుని పారేయబోయా" అంది.

ఎజ్రా గారు పావుగంట చూశారు. నన్ను కూడా పిలిచి చూపించారు. ముందు కొట్టిన నాణెం అచ్చుకి అతుక్కుపోయి రాకపోతే, తర్వాత వచ్చే బిళ్ల మీద దాని రూపం తిరగబడి పడుతుందట. పట్టుకారులో నొక్కి చేసిందైతే అవతలి వైపు సింహాల ముక్కులు చితికిపోయేవట. ఇక్కడ ముక్కులు, మీసాలు అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. "నిజమైనదేనమ్మా" అని చీటీ రాశారు.

"ఏమాత్రం వస్తదన్నయ్యా?" అని ఆవిడ అడగనే అడిగింది. అడగడమే కాదు, ఎందుకు అడుగుతోందో కూడా చెప్పింది. ఆవిడ ఉంటున్న రేకుల ఇంటి స్థలం దశరథరామయ్య గారనే మిల్లు యజమానిది. అమ్మేస్తున్నారు. ఇరవయ్యేళ్లుగా ఉంటోంది కాబట్టి ముందు ఆవిడకే అవకాశం ఇచ్చారు. నెలాఖరు శనివారం సాయంత్రంలోగా బయానా నలభై వేలు ఇస్తే స్థలం ఆవిడది, మిగతాది చర్చీ పొదుపు సంఘం చూసుకుంటుంది. ఇవ్వకపోతే గుంటూరు పార్టీ సిద్ధంగా ఉంది. బిళ్లకి వచ్చింది బయానాకి కలుపుకుందామని ఆవిడ ఆశ.

"అమ్మాలనుకుంటే బాపట్లలో మురళీమోహన్ గారని లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, నాణేలు పోగుచేస్తారు, ఆయన దగ్గరకెళ్లమ్మా. ధర ఆయన చెప్తారు" అన్నారు ఎజ్రా గారు.

నాలుగు వేలు. అంతకు ఒక వంద అటో ఇటో. ఆ సంగతి ఎజ్రా గారికి తెలుసు, ఆయన వెనకాల తిరిగి తిరిగి నాకూ తెలుసు. నేనైనా నోరు విప్పి ఉండాల్సింది. ఆయన పనిలో వేలు పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. రోజూ తెల్లారకముందే బండి పెట్టుకునే మనిషి వ్యాపారం మానుకుని బాపట్ల ఎలా వెళ్తుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ నెలాఖరు శనివారం పొద్దున, నాణేలేవో చూసిపెట్టమంటే, నా బండి మీద ఇద్దరం బాపట్ల వెళ్లాం. మురళీమోహన్ గారు పెసరట్లు పెట్టించారు. తింటూ తింటూ ఆయన ఫోను ఎజ్రా గారి ముందుకు జరిపారు. "ఏంటయ్యా, నీ చీటీ ఊరేగుతోంది?"

నాణేలు కొంటామని వీడియోలు పెట్టే ఏదో కంపెనీవాళ్ల ప్రకటన అది. మధ్యలో ఎజ్రా గారి చీటీ, సంతకం, ముద్ర, కమలమ్మ పేరుతో సహా. కింద ఎర్ర అక్షరాల్లో "తెనాలి నిపుణుడు ధ్రువీకరించిన ఈ రెండు రూపాయలకు తొమ్మిది లక్షలు" అని ఉంది.

ఎజ్రా గారి చేతిలో పెసరట్టు ముక్క అలాగే ఉండిపోయింది. వెంటనే ఆవిడ ఆ రోజు ఇచ్చి వెళ్లిన నంబరుకి ఫోను చేశారు. స్పీకరులో కమలమ్మ గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"అన్నయ్యా, మీ చీటీ చూసే వాళ్లు ఒప్పుకున్నారు! తొమ్మిది లక్షలంట! ఫైలు ఖర్చు ఆరు వేలు నిన్ననే కట్టేశా. ఇంకా టాక్సు ముప్పై నాలుగు వేలు ఒంటిగంటకల్లా కడితే సాయంత్రం నాలుక్కి డబ్బు పడిపోద్దంట. ఆరింటికి దశరథరామయ్య గారికి బయానా ఏంటి, మొత్తం ఇచ్చేస్తా!"

"కమలమ్మా, కట్టొద్దు. అది మోసం. ఆ బిళ్ల నాలుగు వేలు చేస్తదంతే."



"వాళ్లు ముందే చెప్పారన్నయ్యా. బిళ్ల చూసినోళ్లే తక్కువ చెప్పి కొట్టేద్దామని చూస్తారని. మీరట్టాంటోళ్లు కాదని నేనే వాదించా" అని ఫోను పెట్టేసింది.

మళ్లీ చేస్తే బిజీ. మళ్లీ బిజీ. ఆ కంపెనీవాడు లైను వదలడం లేదని అర్థమైంది. ముప్పై నాలుగు, ఆరు కలిపితే నలభై. ఆవిడ దగ్గరున్న బయానా డబ్బు అదే. అది పోతే సాయంత్రానికి ఇంటి స్థలం పోతుంది. గడియారం చూస్తే పదకొండూ పది. మేం లేచేసరికి మురళీమోహన్ గారు లోపలికెళ్లి నాలుగు వేలు కవరులో పెట్టి తెచ్చారు. "నీ చీటీ ఉందంటే బిళ్ల మంచిదే. ఆవిడ అమ్ముతానంటే నా తరఫున తీసుకో" అన్నారు.

బాపట్ల నుంచి రేపల్లెకి మామూలుగా గంటన్నర లోపే. కానీ అది మాసూళ్ల కాలం. కర్లపాలెం దాటామో లేదో రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. ఎదురుగా కోత మిషను రోడ్డంతా తనదే అన్నట్టు వస్తోంది. వెనక్కి తిప్పుకోలేం, పక్కకి దిగితే కాలవ. నేను హారను కొడుతుంటే మిషను మీదున్న మనిషి చెయ్యి ఊపి నవ్వాడు. నేను అతని ఏడు తరాలనూ తలుచుకున్నాను. చెరుకుపల్లిలో బస్తాల ట్రాక్టరు ఒకటి టైరు పేలి అడ్డంగా నిలబడిపోయింది. అక్కడే పన్నెండూ పది అయింది. ఎజ్రా గారు వెనక కూర్చుని నా భుజం పట్టుకుని ఉన్నారు.

"ఆ రోజే చెప్పుంటే ఏం పోయేదండీ? నాలుగు వేలని రెండు మాటలు!" అని అరిచాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారని కూడా అన్నాను. హెల్మెట్లో నా మాటలు ఎంతవరకు వినపడ్డాయో తెలియదు. దారంతా పళ్లు నూరుకుంటూ వచ్చాను.

రేపల్లె స్టేషను దగ్గర ఇడ్లీ బండి మీద పరదా కప్పి ఉంది. పక్కన జామకాయలమ్మే ఆవిడ, "కమలమ్మా? డబ్బులు పంపించే షాపుకెళ్లింది, సెంటర్లో" అంది. ఒంటిగంటకి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

షాపులో కమలమ్మ గాజు బల్ల ముందు నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోను, రెండో చేతిలో జేబురుమాలు మూట. మూట విప్పేసి ఉంది. షాపతను సుధీర్ నోట్లు మిషనులో పెట్టి లెక్కేయిస్తున్నాడు. నేను చూసిన తొందరలో బుద్ధి పనిచేయలేదు. లోపలికి దూకి సుధీర్ చెయ్యి పట్టుకుని, "ఆపవయ్యా! దొంగనాకొడుకులు ముంచుతున్నార్రా!" అని కేక వేశాను.

అంతే, పని మొత్తం చెడింది. సుధీర్ లేచి నన్ను తోశాడు. బయట నుంచి నలుగురు లోపలికొచ్చారు. కమలమ్మ నోట్లు రెండు చేతులతో కప్పుకుంది. "వీళ్లేనండీ, వీళ్లేనండీ మీరు చెప్పినోళ్లు" అని ఫోనులో ఏడుపు గొంతుతో చెబుతోంది. అవతలి వాడి గొంతు బయటికి వినిపిస్తోంది. "కంగారు పడకండమ్మా, తొందరగా పంపించండి, టైమైపోతే ఫైలు క్యాన్సిల్."

ఎజ్రా గారు నన్ను వెనక్కి లాగారు. ఆవిడకి రెండడుగుల దూరంలో ఆగి, చేతులు రెండూ కనపడేలా పెట్టి మెల్లగా మాట్లాడారు.

"చెల్లెమ్మా, నీ డబ్బు నేను ముట్టుకోను. నీ బిళ్ల కూడా ముట్టుకోను. కట్టాలనుకుంటే కట్టుకో. కట్టేముందు వాణ్ణి ఒక్కటడుగు. నా దగ్గర కూడా ఒక బిళ్ల ఉందని చెప్పు. ఫోటో పంపిస్తాం, ఎంతిస్తాడో చెప్పమను."

కమలమ్మ ఆయన మొహంలోకి చూసింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదేమో, స్పీకరు నొక్కి, "అయ్యా, మా అన్నయ్య దగ్గర కూడా ఒకటుందంట" అంది.

"పంపించండమ్మా, ఇదే నంబరుకి వాట్సాప్ చేయండి" అన్నాడు వాడు. గొంతులో తేనె కారింది.

ఎజ్రా గారు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ డబ్బా తీశారు. అందులో వాచీల్లోంచి పీకేసిన పాత బ్యాటరీలుంటాయి. బటన్లంత, మెరుస్తూ, గుండ్రంగా. ఒకటి తీసి కమలమ్మ అరచేతిలో పెట్టారు. ఆవిడ చేతిలో ఉండగానే నేను ఫోటో తీసి పంపాను. చిన్న ప్లస్ గుర్తు కూడా ఫోటోలో స్పష్టంగా కనిపిస్తోంది. షాపులో అందరూ ఫోను వైపే చూస్తున్నారు. ఒంటిగంటకి నాలుగు నిమిషాలు.

వాడు ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు.

"అమ్మా, ఇది మీ దానికన్నా అరుదైనదమ్మా! ఇది పాత సిరీసు. దీనికి పదకొండు లక్షలు ఖాయం. రెండింటికీ కలిపి ఒకే ఫైలు పెట్టేద్దాం. టాక్సు ఇంకో నలభై వేలు కలుపుకుని..."

సుధీర్ బల్ల మీదకి వంగి ఆవిడ అరచేతిలోకి చూశాడు. "అక్కా, ఇది వాచీలో వేసే సెల్లు కదా" అన్నాడు.

కమలమ్మ ఆ బ్యాటరీని వేలితో అటూ ఇటూ తిప్పింది. వాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ ఫోను పెట్టేయలేదు. నోటి దగ్గరకు తెచ్చుకుని, "మా ఇంట్లో పాత గడియారం కూడా ఉంది బాబూ, దానికెంతిస్తావు?" అంది. వాడికి అర్థమై లైను కట్ చేశాడు. ఆవిడ బల్ల పట్టుకుని కిందికి జారి కూర్చుంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి బయటికొచ్చాను.

ముప్పై నాలుగు వేలు దక్కాయి. ముందు రోజు కట్టిన ఆరు వేలు పోయాయి. ఫిర్యాదు నంబరుకి సుధీరే ఫోను చేశాడు. వాళ్లు వివరాలు రాసుకున్నారు, వస్తుందని మాత్రం చెప్పలేదు. సాయంత్రం ఆరింటికి నలభై కావాలి. బిళ్లకి న్యాయమైన ధర నాలుగు. అంటే ఇంకా రెండు వేలు తక్కువ. దశరథరామయ్య గారు మాటంటే మాటేనట, నలభై అంటే నలభై.

టీ కొట్టు దగ్గర ఎజ్రా గారు నాకు వీపు తిప్పి నిలబడి మురళీమోహన్ గారి కవరు తెరిచారు. తన జేబులోంచి ఏదో తీసి అందులో దూర్చారు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత ఆయన కవరు కమలమ్మకిచ్చి, "మురళీమోహన్ గారు బిళ్లకి ఆరు వేలిచ్చారమ్మా" అన్నారు.

"ఫోనులో నాలుగన్నారు కదన్నయ్యా?"

"అప్పుడు తెలీక చెప్పా. ఆయన ఆరన్నారు." ఆయన నా వైపు చూశారు. "అవునమ్మా, ఆరే" అన్నాను నేను.

ఆవిడ బిళ్ల ఇచ్చి కవరు తీసుకుంది. దశరథరామయ్య గారి మిల్లు దాకా ముగ్గురం నడిచాం. ఆవిడ లోపలికెళ్లింది, మేం గేటు దగ్గర ధాన్యం లారీ నీడలో నిలబడ్డాం. ఎజ్రా గారి మొహంలో పొద్దుటి నుంచి మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. నేను కూడా గుండెల నిండా ఊపిరి తీసుకుని, "ఇంకెప్పుడూ మీతో బాపట్ల రాను" అన్నాను. ఆయన నవ్వారు.

అరగంట తర్వాత కమలమ్మ బయటికొచ్చింది. ఒక చేతిలో స్టాంపు కాగితం, ఇంకో చేతిలో నాలుగు ఐదొందల నోట్లు. కాగితం నాకిచ్చి చదవమంది. బయానా ముప్పై ఎనిమిది వేలు ముట్టినట్టు, మిగతా రెండు వేలకి బుధవారం దాకా గడువు ఇచ్చినట్టు రాసి ఉంది.

"నలభై ఉంది కదమ్మా నీ దగ్గర? ముప్పై ఎనిమిదే కట్టావేంటి? ఆయన కాదంటే ఏమయ్యేది?" అన్నాను. నాకు నిజంగానే కోపమొచ్చింది.

"కాదనే అన్నారు. బతిమాలుకున్నా. జరిగిందంతా చెప్పా" అంది. తర్వాత ఆ నాలుగు నోట్లు ఎజ్రా గారి ముందుకు చాపింది. "కవర్లో ఎనిమిది కాగితాలు మడత లేకుండా కొత్తగా ఉన్నయ్. ఈ నాలుగూ నాలుగు మడతలు పడి, వాచీ నూనె వాసనొస్తన్నయ్. రోజూ వంద మంది చేతి డబ్బు తీసుకుంటా అన్నయ్యా, నాకు తెలీదా?"

ఎజ్రా గారు చెయ్యి చాపలేదు. "ఉంచుకోమ్మా. తప్పు నాది కూడా ఉంది" అన్నారు.

"నేనొచ్చి అడిగిన రోజు ధరే చెప్పలేదు. వాడేమో లేని ధర చెప్పాడు. ఇప్పుడు మీరూ లేని ధరే చెప్తున్నారు." నోట్లు ఇంకా చాపే ఉంచింది. "ఉన్నది ఉన్నట్టు నాలుగు వేలమ్మా అని నా మొహం మీద చెప్పడానికి మీకేం అడ్డొచ్చిందన్నయ్యా?"

పొద్దుటి నుంచి నేను అరుస్తున్న మాటే అది. ఆవిడ నోట అడిగేసరికి నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. ఎజ్రా గారు లారీ నీడలోంచి ఒకడుగు ముందుకొచ్చారు.

"అప్పుడు గర్వం అడ్డొచ్చిందమ్మా. ఇప్పుడు సిగ్గు" అని, రెండు చేతులూ చాచి ఆ నోట్లు తీసుకున్నారు.